పిచ్చుక ఎడమ కన్ను

పిల్ల పుట్టి తొమ్మిది వారాలైంది. ఈ తొమ్మిది వారాల్లో తల్లి కంటినిండా నిద్రపోయిన రాత్రులు లెక్కపెట్టడానికి వేళ్ళతో పని లేదు. పిల్లకి కాగితాల మీద ఓ పెద్ద పేరుంది గానీ, ఎప్పుడు చూసినా నోరు తెరుచుకునే ఉంటుంది కాబట్టి ఇంట్లో అందరికీ అది పిచ్చుక.

పుట్టినప్పుడు ముఖం మీద ఏమీ లేదు. రెండో వారంలో ఎడమ కంటి పైరెప్ప మీద చీమ కుట్టినంత ఎరుపు కనబడింది. నాలుగో వారానికి మిరియపు గింజంత అయింది, ఏడో వారానికి మెత్తటి ఎర్రటి బొడిపె లేచింది. అత్తగారు చూసి, మీ ఆయనకీ వీపు మీద ఇలాంటిదే ఉండేది, బడికెళ్ళే వేళకి చెప్పాపెట్టకుండా మాయమైంది అని కొట్టిపారేసింది. మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళూ తలా ఒక సలహా పారేసి వెళ్ళారు. పిల్లని కాసేపు నేనెత్తుకుంటాను, నువ్వు పడుకో అనే సలహా మాత్రం ఎవరికీ తట్టలేదు.

పిల్ల తండ్రికి ఫొటో స్టూడియో ఉంది. ఆరో వారంలోనే తమ డాక్టరుకి ఫోన్లో పిల్ల ఫొటో పంపాడు. చిన్న మచ్చే, దానంతటదే పోతుంది, ఆర్నెల్లకి చూద్దాం అని జవాబొచ్చింది. తల్లికి ఎప్పుడు దిగులేసినా ఆ జవాబు తీసి మళ్ళీ చదువుకునేది. అలా మూడు వారాలు నెట్టుకొచ్చింది.

సోమవారం పాలిస్తూ చూసింది. పిల్ల ఒక కంటితోనే తనని చూస్తోంది. ఎడమ రెప్ప బొడిపె బరువుకి సగానికి పైగా వాలిపోయింది. అనుమానమొచ్చి ఎడమ కన్ను అరచేత్తో మూసింది. పిల్లకి చీమ కుట్టినట్టయినా లేదు. కుడి కన్ను మూసింది. చెయ్యి విదిలించుకుని ఏడుపు లంకించుకుంది. మూడుసార్లు చూసింది, మూడుసార్లూ అంతే. ఇక ఎవరినీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే సంచీ సర్దుకుని పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరు దగ్గరికి బయల్దేరింది. భర్త సణుక్కుంటూ షాపుకి తాళం వేసి వెంట నడిచాడు.

డాక్టరు పెద్దావిడ. కళ్ళజోడు నెత్తి మీదే మరిచిపోయి బల్లంతా వెతుక్కుంది. దొరికాక పిల్ల రెప్ప మీద వేలితో మెల్లగా నొక్కింది. ఎరుపు పాలిపోయి, వేలు తియ్యగానే మళ్ళీ నిండింది. ఎప్పుడైనా రక్తం కారిందా, పుండు పడిందా, పుట్టినప్పుడే ఉందా అని అడిగింది. ఏ వారానికి ఎంత పెరిగిందో చూడాలి, పాత ఫొటోలున్నాయా అంది.

లేకేం. వందకి తక్కువ లేవు. ఆయన గర్వంగా ఫోన్ అందించాడు. ఆవిడ ఒక్కొక్కటే జరుపుకుంటూ పోయి, తలెత్తి, ఈ పాప ఎవరని అడిగింది.

ఏ ఫొటోలోనూ రెప్ప మీద మచ్చ లేదు. పాస్‌పోర్టు ఫొటోలకొచ్చేవాళ్ళ మొటిమలూ కళ్ళకింద నలుపూ చెరపడం ఆయనకి పదిహేనేళ్ళ అలవాటు. కూతురి ఫొటో తియ్యగానే చెయ్యి దానంతటదే ఆ మచ్చ మీదికి పోయేది. దిద్దనివి ఫోన్లో చోటు చాలక ఎప్పటికప్పుడు తీసేశాడు.

ఫొటో చూసే ఆర్నెల్లు ఆగమన్నారు మా డాక్టరు, అంది తల్లి. ఆ పంపింది కూడా ఇలాంటిదేనా అంది ఆవిడ.

"దాన్లో మొత్తం తీసెయ్యలేదండీ," అన్నాడు నేల చూస్తూ. "కొంచెం తగ్గించాను, అంతే."

తల్లి భర్త వైపు తిరిగింది. ఇంకొకప్పుడైతే ఇల్లు పీకి పందిరి వేసేదే. దానికీ ఓపిక కావాలి, ఉన్న కాస్తా పొద్దున్నే పాల సీసాలు కడగడంలో ఖర్చయిపోయింది. డాక్టరు వైపు తిరిగి, రెండో వారం నుంచి సోమవారం దాకా తను చూసిందంతా వరసగా చెప్పింది. ఆవిడ ఫోన్ పక్కన పెట్టేసి రాసుకుంది.

"ఇది రక్తనాళాలు గుంపుగా పెరిగిన గడ్డమ్మా. క్యాన్సరు కాదు. చాలామంది పిల్లలకి మందు లేకుండానే పోతుంది. మీ అత్తగారు అబద్ధమేం చెప్పలేదు. కానీ అది వీపు, ఇది కన్ను. గడ్డ కరగడానికి ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ మూసుకుపోయిన కంటితో చూడటం మెదడు నేర్చుకోదు. ఆ తర్వాత రెప్ప తెరుచుకున్నా లాభం ఉండదు."

"ఆలస్యమైపోయిందా అండీ?"

"కాబోతుంటే వచ్చారు."

ముందు పిల్ల గుండె పరీక్ష చేశారు. ఇచ్చేది పెద్దవాళ్ళకి గుండెకోసం వాడే మందేనట, పిల్లలకి చుక్కల లెక్కన ఇస్తే ఈ గడ్డలు కుంచించుకుపోతాయట. మొదటి మోతాదు అక్కడే వేసి, రెండు గంటలు కూర్చోబెట్టి నాడి చూశారు. ఖాళీ కడుపున వెయ్యొద్దు, పాలు తాగకపోయినా వాంతి చేసుకున్నా ఆ పూట మానేసి ఫోన్ చెయ్యమన్నారు. పిల్ల నిద్రపోతున్నా వేళకి లేపి పాలివ్వాలి. తొమ్మిది వారాలుగా ఎప్పుడు పడుకుంటుందా అని కాచుకున్న పిల్లని చేజేతులా లేపడం! తల్లికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

వరండాలో బెంచీ మీద ఆయన గొంతు సవరించుకున్నాడు. బంధువులకి పంపే ఫొటోలు కదా, చూసి జాలిపడతారని అలా చేశానన్నాడు.

"పడనివ్వండి. కన్ను పోతే అదీ ఫొటోలో పెట్టేవారా?"

ఇంటికొచ్చాక పొద్దుటి మోతాదు ఆయన తన పని చేసుకున్నాడు. నోట్లో మందు వేసే సూదిలేని సిరంజిని దీపానికి ఎత్తిపట్టి, గీత మీద గీత సరిపోయేదాకా ఒక కన్ను మూసి చూసేవాడు. మందు మొదలెట్టిన రెండు రోజులకే ఎరుపు మందగించింది. రెండో వారానికి బొడిపె మెత్తబడి, రెప్ప కిందినుంచి నల్లగుడ్డు అంచు బయటపడింది. అత్తగారు, నే చెప్పలా దానంతటదే పోతుందని, అంది.

మందు మొదలెట్టిన ఆరో వారం కంటి డాక్టరు పిల్ల కుడి కంటికి గంత కట్టి, ఎదురుగా చిన్న లైటు కదిపాడు. ఎడమ కన్ను ఒక క్షణం తడబడింది. తర్వాత లైటు వెంట ఇటు చివరనుంచి అటు చివరకి పోయింది, మళ్ళీ వచ్చింది. చూపు అందుకుంటోంది, మందు మాత్రం ఏడాది దాటేదాకా ఆపొద్దు అన్నాడాయన.

తల్లి కుర్చీలో వెనక్కి వాలింది. ఈ మాట వింటే ఏడుపొస్తుందనుకుంది ఇన్నాళ్ళూ. తీరా వింటే దవడలు నొప్పిపుట్టేంత ఆవలింత వచ్చింది.