నింపని బుట్ట

పెళ్లయి నెల కూడా కాలేదు. కోరుట్ల నుంచి సిరిసిల్లకు వచ్చాక నాకు తెగ నచ్చింది మరమగ్గాల చప్పుడే. ఆ మోతలో మాట వినబడదు గనక, మా ఆయన మహిపాల్ ఏం చెప్పాలన్నా నా చెవి దగ్గరికి రావలసిందే.

జగిత్యాలలో డిగ్రీ చదివానని, ఆడబిడ్డ రాణికి లెక్కలు చెప్పే పని నాకు అప్పగించారు. పదో తరగతిలో లెక్కలు ఒక్కటే తప్పింది. సప్లిమెంటరీలో గట్టెక్కితే ఇంటర్, లేకుంటే కండెలకు దారం చుట్టుకుంటూ ఇంట్లోనే అని అత్తమ్మ తేల్చేసింది. రేపే పరీక్ష.

బీజగణితం బాగానే వచ్చింది. 2x + 3 = 11 అంటే, మూడు తీసేసి రెండుతో భాగించి, x నాలుగని టక్కున చెప్పింది. చిక్కంతా సంభావ్యతతోనే. సంచిలో మూడు ఎర్ర బంతులు, రెండు తెల్లవి. ఒకటి తీసి, తిరిగి వేయకుండా ఇంకొకటి తీస్తే, రెండూ ఎర్రవి కావడానికి సంభావ్యత ఎంత?

"ఐదుల మూడు, మళ్ల ఐదుల మూడు. 9/25."

"తిరిగి ఎయ్యద్దన్నడు గదనే?"

"నా బుర్రకు ఎక్కుతలేదు వదినె. రేపు గూడ పోయినట్టే." కళ్లు తుడుచుకుంది.

అంతలో మగ్గం దగ్గర నుంచి మహిపాల్ చెయ్యి చాపాడు. రాణి పక్కనున్న బుట్టలోంచి దారం చుట్టిన కండె తీసి ఇచ్చి, చూడకుండానే పక్క మూటలోంచి ఇంకొకటి బుట్టలో వేసింది.

"గిప్పుడేం జేసినవ్?" అన్నాను.

"కండె ఇచ్చి బుట్ట నింపిన. తగ్గితే అమ్మ ఊకుంటదా?"

నాకు నవ్వాగలేదు. బుట్ట ఖాళీ చేసి, మూడు ఎర్ర కండెలు, రెండు తెల్లవి పెట్టాను. ఒక ఎర్రది మహిపాల్‌కు ఇప్పించాను.

"పంతులమ్మా, నేను నేసే చీరకు తెల్లది గావాలె!" అన్నాడు నా చెవి దగ్గరికొచ్చి.

"ఊకె పట్టుకోండ్రి," అని, మూటవైపు పోతున్న రాణి చెయ్యి పట్టుకున్నాను. "ఇయ్యాల నింపకు. ఎన్నున్నయ్?"

"నాలుగు. ఎర్రయి..." ఆగింది. "రెండే! అంటే 3/5ను 2/4 తోని గుణించాలె. 6/20. అంటే 3/10!"

"బుట్ట గట్ల అడుగుకు పోయిందేందే?" లోపల్నుంచి వస్తూ అత్తమ్మ అరిచింది.

"లెక్క జేస్తున్నం అత్తమ్మా, జరసేపు తగ్గనియ్యిండ్రి!"

మర్నాడు పరీక్ష కేంద్రం గేటు బయట నిలబడ్డాను. రాణి పరుగెత్తుకొచ్చింది. అక్కడ మగ్గాల మోత లేదు. అయినా నా చెవి దగ్గరికి వంగింది.

"వదినె, గసొంటి లెక్కనే అచ్చింది. బుట్ట నింపలే!"