బ్రేకు నొక్కితే పడే ముల్లు

లింగమూర్తి వకీలు పాత విలాయతి కారు నాందేడ్ మొత్తానికి తెలుసు. నెల రోజులుగా దాని ఆర్పీఎం మీటరుకు పిచ్చెక్కింది. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపాల్సిన ముల్లు రోడ్డెక్కగానే ఉన్నట్టుండి సున్నాకు పడేది, మళ్ళీ లేచేది. గ్యారేజీలో నిలబెడితే మాత్రం బుద్ధిగా కుదురుకునేది. ముగ్గురు మెకానిక్కులు మీటరు విప్పి చూసి చేతులెత్తేశారు.

ఆఖరికి వెంకట్రాములు తన గ్యారేజీలో పనిచేసే సంగన్నకు ఆ కారు అప్పజెప్పాడు. సంగన్నది మర్ఖేల్ అనే పల్లె. తండ్రి పటేళ్ళ చేలల్లో కూలి. పెద్దింటివాళ్ళు సంగన్నకు చాయ్ ఇచ్చే గ్లాసు వేరుగా పెడతారు, బండి మొరాయిస్తే మాత్రం అతని చేతులే కావాలంటారు. ఈ న్యాయం తలుచుకుంటేనే సంగన్నకు ఒళ్ళు మండుతుంది. మండకుండా ఎలా ఉంటుంది?

"బండి నడుస్తుంటె సూడాలె వకీల్ సాబ్. పక్కన కూసుంట," అన్నాడు.

వకీలు సీటు మీద పాత మరాఠీ పేపరు పరిచాడు. సంగన్న దాన్ని తీసి వెనక పారేసి, ఉత్త సీటు మీదే కూర్చున్నాడు. వకీలు మొహం మాడిపోయింది. అవసరం తనది కాబట్టి కారు కదిలించాడు.

గోదావరి వంతెన దాకా సంగన్న కళ్ళు ముల్లు మీదే. ఎద్దుబండి అడ్డమొచ్చినప్పుడల్లా, ముందు బస్సు ఆగినప్పుడల్లా ముల్లు పడింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా డ్యాష్‌బోర్డు మీది ఖండోబా దేవుడి పటం కింద ఎర్రబల్బు వెలిగింది. బ్రేకు నొక్కితే దేవుడి ముందు దీపం వెలగాలని వకీలు దసరాకు ముచ్చటపడి పెట్టించుకున్న బల్బు అది. నిలబెట్టిన కారుకు బ్రేకు ఎవడు నొక్కుతాడు? అందుకే గ్యారేజీలో ఎవరికీ దొరకలేదు.

తిరిగొచ్చాక సంగన్న పటం సందులోంచి టార్చి వేసి చూసి చెప్పాడు. "మీటరుకు ఏం కాలె. బల్బు తీగె, మీటరు తీగె పటం ఎనుక ఒక్కటే స్క్రూకు బిగించిండ్రు. అది తుప్పు పట్టింది. బల్బు ఎలిగితె మీటరుకు కరెంటు సరిపోతలేదు. పటం తీసి స్క్రూ గీకి, బల్బుకు ఏరే జాగల బిగిస్త."

వకీలు చేయి అడ్డం పెట్టాడు. "పటం నువ్వు ముట్టకు. వెంకట్రాములు తీస్తడు."

"బండి రోగం పట్టుకున్నది నేను. నా చేతులతోనే అయితది, లేకుంటె లేదు."

"నౌకరి మీద ఆశ లేదా?"

"ఉన్నది. ఇంట్ల నలుగురు నా సంపాదన మీదనే బతుకుతున్నరు. మా అమ్మ ఏటేటా మాళేగాం జాతరల గీ ఖండోబాకే పసుపు సల్లుతది. గప్పుడు లేని మైల ఇప్పుడు ఏడికెల్లి అచ్చింది?"

వకీలు వెంకట్రాములు వైపు చూశాడు. సంగన్నా ఆయన వైపే చూశాడు. ఉస్తాద్ కాదంటే రేపటి నుంచి పని లేదు.

వెంకట్రాములు చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "గీ కరెంటు పని నాకు రాదు సాబ్," అన్నాడు. సంగన్నకు కరెంటు పని నేర్పినవాడే ఆయన.

వకీలు కారు దిగి, అటు తిరిగి నిలబడ్డాడు. "సరె, కానియ్యి."

సంగన్న కదల్లేదు. "గట్ల కాదు సాబ్. ఇటు సూడుండ్రి."

వకీలు ఇటు తిరిగాడు. సంగన్న చేతులు తుడుచుకుని, పటాన్ని కళ్ళకద్దుకుని ఊడదీశాడు. దాన్ని ఆయన ముందుకు చాచాడు.

"పట్టుకోండ్రి, స్క్రూ గీకేదాక."

వకీలు రెండు చేతులతో అందుకున్నాడు.