జీతం ఏ డబ్బుల్లో?

ఆదివారం పొద్దున నాగమల్లేశ్వరి పెరట్లో పీట వేసుకుని, బూడిద అద్ది చేపలు తోముతుంటే హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. రెండు చేతులకూ పొలుసులు. లోపలినుంచి భర్త శివనాగరాజు పరుగున వచ్చి స్పీకర్ నొక్కి, ఆమె చెవి దగ్గర ఫోన్ పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. చీర కొంగు బూడిదలో పడుతుంటే రెండో చేత్తో దాన్ని తీసి ఆమె భుజం మీద వేశాడు. ఆయన అలాంటి మనిషి.

ఫోన్ చేసింది ప్రసన్న. మాచర్ల దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న మల్లేశ్వరికి టాంజానియాలో ఒక సిమెంటు కంపెనీలో రెండేళ్ల ఉద్యోగం చూసిపెట్టిన ఏజెన్సీ అమ్మాయి.

"మేడం, జీతం ఏ కరెన్సీలో కావాలో మీరు చెప్పాలి. రూపాయల్లో అయితే ఇక్కడ మీరు చెప్పిన ఖాతాలో నెలనెలా ఒకే మొత్తం పడుతుంది. అక్కడి షిల్లింగుల్లో తీసుకోవచ్చు. లేదంటే డాలర్లలో. డాలర్లయితే అక్కడే మీ పేరున ఖాతా తెరుస్తారు. ఒకసారి చెప్పాక రెండేళ్లూ మార్చటానికి కుదరదు."

"రూపాయలే మేడం, రూపాయలే రాసుకోండి. నా అకౌంటు నంబరు ఇప్పుడే పంపిస్తా" అన్నాడు శివనాగరాజు.

"మేడం గారు చెప్పాలండీ. రేపు కాదు, ఆ పై సోమవారానికి చెప్తే చాలు."

"మేమిద్దరం వేరే వేరే ఏంది మేడం?" అని నవ్వాడాయన. మల్లేశ్వరి కూడా నవ్వింది. నవ్వేశాక, తాను నోరు తెరవకుండానే ఫోన్ అయిపోయిందని ఆమెకు అర్థమైంది.

ఆయన మంచివాడు. ఈ మాట వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. తాగడు, చెయ్యి ఎత్తడు. సొంత టిప్పర్ మీద క్వారీ నుంచి సున్నపురాయి తోలుతాడు. ఆమెకు రాత్రి డ్యూటీ ఉంటే లోడు వదులుకుని మరీ బండి మీద దింపుతాడు. ఆఫ్రికా కబురు వచ్చినప్పుడు ఊళ్లో టీ కొట్టుకొట్టుకూ తిరిగి "మా ఆవిడ ఏరోప్లేను ఎక్కుద్ది" అని చెప్పింది ఆయనే. ఆమె జీతం పడే ఖాతా ఆమె పేరునే ఉంది. ఏటీఎం కార్డు మాత్రం ఆయన పర్సులో ఉంటుంది. పెళ్లయిన కొత్తలో "బస్సులో ఎవడన్నా కొట్టేస్తాడే, నా దగ్గరుంచుతా" అని తీసుకున్నాడు. ఆ తర్వాత అది అక్కడే ఉండిపోయింది. ఫోన్లో డబ్బులు పంపే యాప్ కూడా ఆయన ఫోన్లోనే. "నా పర్సులో ఉంటే ఏంది, నీ పర్సులో ఉంటే ఏంది, ఇంట్లోదే గదా" అంటాడు. నిజమే, ఇంట్లోదే. కానీ ల్యాబులో ఎవరైనా రిటైరయితే శాలువాకి తలా ఇంత అని వసూలు చేసేటప్పుడు, తన కింద పనిచేసే పిల్లలు జేబులోంచి తీసిస్తుంటే "రేపిస్తానయ్యా" అనేది ఆమె ఒక్కతే. రేపటికోసం ఇంట్లో అడగాలి. అడగటానికీ ఒక పద్ధతి ఏర్పడిపోయింది. ముందు టీ ఇవ్వాలి. తర్వాత టిప్పర్ సంగతి అడగాలి, కూతురు బిందు చదువు మాట ఎత్తాలి, ఆయన ముఖం చూసి అప్పుడు అసలు మాట చెప్పాలి. ఆయన ఏనాడూ కాదనలేదు. ఎందుకని మాత్రం ఒకసారి అడిగేవాడు. నెలసరికి కావలసినవి కొనుక్కోవాలన్నా, అత్త వినేటట్టు ఆ 'ఎందుకు'కి జవాబు చెప్పాలి. కాదంటే పోట్లాడొచ్చు. ఎందుకని అడిగితే ఏమని పోట్లాడుతుంది?

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆయనే మళ్లీ ఎత్తాడు. "నెలనెలా ఒకటే మొత్తం అంటే టిప్పర్ కిస్తీకి దిగుల్లేదు మల్లీ. డాలరంటే ఇయ్యాల ఒకటి, రేపొకటి."

"మరి అక్కడ నా ఖర్చులకి?"

"గది కంపెనీది, తిండి కంపెనీది. చేతి ఖర్చుకి కొంచెం ఇస్తారంట. చాలకపోతే ఒక్క ఫోన్ కొట్టు, పంపుతా. నిన్నెప్పుడన్నా కాదన్నానా?"

సముద్రం దాటి వెళ్లి, తన జీతంలోంచి తనకు తల నూనె కొనుక్కోవటానికి మాచర్లకు ఫోన్ చేయటం ఆమె కళ్లముందు కనిపించింది. అక్కడ టీ ఇవ్వటానికి కూడా ఉండదు. ముద్ద కలుపుతూ ఉండిపోయింది.

అత్త నాంచారమ్మ గిన్నెలోంచి చేప తల వెతికి తీసి కోడలి కంచంలో వేసింది. "తినవే. ఆ దేశంలో ఏం దొరుకుద్దో ఏమో. డబ్బు సంగతి మగోళ్లు చూసుకుంటార్లే. మగోడి చేతి మీదుగా ఖర్చయితేనే ఇంటికి మర్యాద."

మర్నాడు ల్యాబులో కృపావరాన్ని సలహా అడిగింది. ఆయన పాత కెమిస్టు, ఆఫ్రికాలో నాలుగేళ్లు చేసి వచ్చినవాడు. రూపాయి పడిపోయిన కొద్దీ డాలరు తీసుకున్నవాళ్లు బాగుపడ్డారని, తను రూపాయలు తీసుకుని నష్టపోయానని చెప్పాడు. చెప్పి, "ఇంతకీ మీ ఆయనేమంటన్నాడమ్మా?" అన్నాడు. ఆ వారమంతా ఇద్దరు ముగ్గురితో మాట్లాడింది. అందరూ చివరికి ఆ ప్రశ్న దగ్గరికే వచ్చారు. నీకేం కావాలని అడిగింది, ముఖం కూడా తెలియని ప్రసన్న ఒక్కతే.

ఆ వచ్చే ఆదివారం, మల్లేశ్వరి వెళ్లేలోపు అందరం ఒకసారి ఎత్తిపోతల జలపాతం చూసొద్దామని శివనాగరాజు అరగబట్టిన టైర్లతో సహా టిప్పర్ కడిగాడు. క్యాబిన్లో నలుగురూ ఇరుక్కుని కూర్చున్నారు. బిందుకి పదమూడేళ్లు, నానమ్మ ఒళ్లో కూర్చునే వయసు కాదు, అయినా కూర్చుంది. దారంతా పాటలు. ఎదురొచ్చిన లారీల వాళ్లకు శివనాగరాజు చెయ్యి ఊపుతూ, పక్కనున్న భార్యను చూపిస్తూ పోయాడు.

వానలు బాగా పడ్డాయి. జలపాతం హోరు మెట్ల దగ్గరికే వినిపిస్తోంది. అక్కడ ఒకామె బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది. బిందు తల్లి దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, నాకూ నానమ్మకీ పొత్తులు..." అని, చెయ్యి చాచబోయి ఆపేసింది. "ఓ, నీ దగ్గర ఉండవు గదా" అని తండ్రి వైపు వెళ్లిపోయింది.

పిల్ల గొంతులో ఎగతాళి లేదు. వాన పడుతోంది అన్నట్టు, ఉన్న మాట చెప్పింది. మల్లేశ్వరి కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. నా కూతురు నా దగ్గర నేర్చుకున్నదేమిటి? అమ్మ పొద్దున లేస్తుంది, వండుతుంది, యూనిఫాం వేసుకుని షిఫ్టుకి పోతుంది, నాన్నతో సమానంగా సంపాదిస్తుంది, అమ్మ దగ్గర డబ్బులుండవు. రేపు ఇది ఇంజనీరయినా, డాక్టరయినా, సంపాదించి ఎవరో ఒక మంచివాడి చేతిలో పెట్టి, పొత్తు కొనుక్కోవటానికి ఆ మంచివాడి ముఖం చూస్తుంది. అందులో తప్పుందని కూడా దానికి తోచదు.

శివనాగరాజు ఆమెకూ ఒక పొత్తు తెచ్చాడు, ఉప్పూ కారం ఎక్కువ రాయించి, ఆమెకు ఇష్టమైనట్టు.

"నాకు డాలర్లు కావాలి" అంది మల్లేశ్వరి.

"ఏంది?" నీళ్ల హోరులో ఆయనకు వినపడలేదు.

మెల్లగా చెబుదామనుకున్న మాట. ఆ చోట మెల్లగా చెబితే కుదరదు. ఆమె గట్టిగా అరిచింది. "డాలర్లు! నా పేరున! కార్డు నా దగ్గర!"

పక్కన ఫోటోలు దిగుతున్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. శివనాగరాజు ముఖం మాడిపోయింది. ఆమెను చెయ్యి పట్టుకుని మెట్ల పక్కకు తీసుకొచ్చాడు.

"నేనేమన్నా తాగి తగలేశానా? పేకాట ఆడానా? ఎవర్తెకన్నా పెట్టానా?"

"లేదు. నువ్వు చెడ్డోడివైతే ఈ మాట ఎప్పుడో అనేదాన్ని. మంచోడివి గాబట్టే ఇన్నేళ్లు పట్టింది."

"ఇంటికి పంపవా ఏంది?"

"పంపుతా. నా చేత్తో పంపుతా."

"అదే గదా నేను చేసేది! ఎవరి చేత్తో అయితే ఏంది?"

"ఏం లేదని నువ్వే అంటన్నావుగా. మరి నా చేత్తో అయితే నీకెందుకంత కష్టంగా ఉంది?"

ఆయన కాలిన పొత్తు ఆమె చేతిలో పెట్టి టిప్పర్ వైపు వెళ్లిపోయాడు.

తిరుగు ప్రయాణంలో పాటలు లేవు. బిందు నిద్రపోయింది. చాలాసేపటికి నాంచారమ్మ, ఎవరితోనూ కాదన్నట్టు రోడ్డు వైపు చూస్తూ అంది. "మీ నాన్న కూడా మంచోడేరా నాగరాజా. నకరికల్లు చేలల్లో నేను మిరపకాయలు కోస్తే, మేస్త్రి నా కూలి తీసుకెళ్లి ఆయన చేతికిచ్చేవోడు. నేను ఏనాడూ అడగలా. ఆయన ఏనాడూ ఇవ్వలా. చానా మంచోడు."

శివనాగరాజు గేరు మార్చాడు.

సోమవారం ల్యాబు బయట వేపచెట్టు కింద నిలబడి మల్లేశ్వరి తనే ప్రసన్నకు ఫోన్ చేసింది. డాలర్లు, తన పేరున అని చెప్పింది. ఫోన్ పెట్టేశాక కాసేపటికి, ఆకలి వేస్తోందని గమనించింది.

శివనాగరాజు మూడు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకుండానే ఆమెను షిఫ్టు దగ్గర దింపాడు, మాట్లాడకుండానే తీసుకొచ్చాడు. నాలుగో రోజు బండి ఎక్కబోతుంటే "హెల్మెట్ పెట్టుకో" అన్నాడు. వెళ్లే ముందురోజు గోంగూర పచ్చడి డబ్బాకు ఆయనే టేపు మీద టేపు చుట్టాడు, చిన్నపిల్లకు కట్టు కట్టినంత జాగ్రత్తగా. విమానాశ్రయంలో ఏదో చెప్పబోయి, "ఎండన తిరగమాక" అని ఊరుకున్నాడు.

టాంజానియాలో ఎర్రమట్టి పల్నాడు మట్టిలాగే ఉంది. మొదటి జీతం పడ్డాక, మల్లేశ్వరి తోటి ఉద్యోగులతో కలిసి బజారుకు వెళ్లి, కొన్ని డాలర్లు షిల్లింగులుగా మార్చుకుని, ఒక పసుపుపచ్చ పూల గుడ్డ కొన్నది. దేనికని ఎవరూ అడగలేదు. దేనికో ఆమెకూ తెలియదు. గదికొచ్చి మంచం మీద పరిచి, దాని మీద పడుకుని చాలాసేపు సీలింగు చూసింది. ఆ వారమే ఇంటికి డబ్బు పంపింది, బిందు పేరున కొంత విడిగా.

మూడో నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం శివనాగరాజు ఫోన్ చేశాడు. ఏం తిన్నావన్నాడు. అక్కడ ఎండలెట్టా ఉన్నాయన్నాడు. అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి చెప్పాడు. బిందుకి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయన్నాడు. మళ్లీ ఏం తిన్నావన్నాడు. టిప్పర్ మాట మాత్రం ఎత్తటం లేదు.

మల్లేశ్వరికి ఆ గొంతు తెలుసు. ఆ చుట్టు తిరుగుడూ తెలుసు. అది ఇన్నేళ్ల తన గొంతే. ఒక్క క్షణం లోపలెక్కడో తియ్యగా ఉంది, అబద్ధమెందుకు. తిరగనీ, ఇంకాస్త తిరగనీ అనిపించింది. ఆ వెంటనే, ఫోనుకి అటువైపు చెవి వెనక గోక్కుంటూ, మాటలు వెతుక్కుంటూ నిలబడ్డ మనిషి కనిపించాడు. తన చేతులకు పొలుసులుంటే చెవి దగ్గర ఫోన్ పట్టుకుని గొంతుక్కూర్చున్న మనిషి.

"టైర్లా?" అంది.

"వెనకవి రెండు అరిగిపోయినాయి మల్లీ. నీకు వీలైతేనే... నువ్వేమన్నా అనుకుంటావేమోనని... ఒక మాట అడుగుదామని..."

"అడగమాకయ్యా" అంది మల్లేశ్వరి. "టైర్లు కావాలని చెప్పు, చాలు. అడిగి బతకటం ఎట్టా ఉంటదో నాకు తెలుసు. నీకు తెలవాల్సిన పని లేదు."