కాలిగో చీటీ

నల్లకోటు మీద నల్లదారంతో కాజాలు కుట్టడమంటే చీకట్లో కాకిని వెతకడమే. కుట్టు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు వెతికాను. ఆ తర్వాత కళ్లకు మసకలు కమ్మాయి. కాజా ఒక ఊరు, గుండీ ఒక ఊరు అయ్యాయి. మూడు కోట్లు తిరిగొచ్చాక మేస్త్రి పిలిచాడు.

"అక్కా, ఇంకొక్కటి తిరిగొస్తే నిన్ను ఇంటికి పంపమన్నారు."

కిటికీ పక్కన తెల్లచొక్కాల బల్ల ఖాళీగా ఉంది. అక్కడైతే ఇంకో పదేళ్లు లాగేస్తాను. ఆఫీసు గుమాస్తా దగ్గరికెళ్లి ఆ బల్ల అడిగాను. జబ్బుంటేనే బల్ల మారుస్తారట, ఆయన జబ్బుల జాబితా తీశాడు.

"మసక లేదమ్మా ఇందులో. అది జబ్బు కాదు, వయసు."

"పోనీ, వయసుందా?"

"అదీ లేదు."

కంటి డాక్టరమ్మ దగ్గర గొల్లుమన్నాను. ఆవిడ లావుపాటి పుస్తకం తిరగేసింది. "ఎవరూ వాడని ఇంగ్లీషు మాట ఒకటుంది పెద్దమ్మా, కాలిగో. చూపు మసకబారితే పూర్వం అలా రాసేవాళ్లట" అంటూ చీటీ రాసిచ్చింది.

దాంతో నా హోదా మారిపోయింది. మసక అన్నప్పుడు పలకరించని వాళ్లు కాలిగోకి పథ్యం ఏమిటని అడిగారు. ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే మా తోటికోడలు, "అలాంటివి మాకెందుకు వస్తాయి? పెట్టి పుట్టాలి" అని మూతి తిప్పింది.

గుమాస్తా మాత్రం ఆ మాటకు అర్థం చూడందే బల్ల మార్చే కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. నిఘంటువు తెరిచి చెయ్యి చాపినంత దూరం పెట్టాడు. చెయ్యి చాలలేదు. పుస్తకాన్ని బల్ల మీద నిలబెట్టి, తాను గుమ్మందాకా వెనక్కి నడిచాడు.

"బాబూ, నీకెన్నాళ్ల నుంచి కాలిగో?" అన్నాను.

ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. "గట్టిగా అనకు పిన్నీ, నీకు పుణ్యముంటుంది!" అని గబగబా సంతకం గీకి, నా వేలు పట్టుకుని ముద్ర వేయించాడు.

వారానికి పైనుంచి హుకుం వచ్చింది. ఆయన సంతకం రోగి గడిలో పడిందట. నా వేలిముద్ర అధికారి గడిలో పడిందట. కాగితం కాగితమే కదా! గుమాస్తాను కిటికీ పక్కన తెల్లచొక్కాల మీద కూర్చోబెట్టారు. ఆయన కుర్చీ నాకిచ్చారు.

కాజాలు నేనే నేర్పాను. పాపం, ఇప్పుడు బాగానే కుడుతున్నాడు. నాకా, జాబితాలో ఒక్క అక్షరమూ ఆనదు. అందుకే ఎవరు ఏ జబ్బు చెప్పుకుంటూ వచ్చినా కాగితం మీద వేలు పెట్టి, "ఉందమ్మా, ఇదిగో ఇక్కడే ఉంది" అంటున్నాను.