ఆఖరున వేసిన బస్తా

చోటే సాహెబ్ సోల్డరింగ్ ఐరన్‌ను స్టాండులో పెట్టి, చేతిలోని బోర్డును కిటికీ వెలుతురుకు తిప్పి చూసుకున్నాడు. పొట్టి మనిషి. వంగిన భుజాలు, గోరింటాకు పెట్టిన గడ్డం, మెడలో గళ్ల చేతిరుమాలు. నెల్లూరులో నరేంద్రబాబు షెడ్డులో రొయ్యల గుంటల నీళ్లకు గాలి ఎక్కించే ఏరేటర్లను నడిపే పెట్టెలు తయారవుతాయి. వాటి చిప్పుల్లోకి ఎక్కే అసెంబ్లీ భాష ప్రోగ్రాం మొదట్నుంచీ ఈయనే రాస్తున్నాడు, రెండు వేళ్లతో కొట్టుకుంటూ.

నరేంద్రబాబు వచ్చి పక్కన నిలబడ్డాడు. సముద్రం ఒడ్డున పెంచలకృష్ణ అనే రైతు గుంటలో అలారం మోగిన వెంటనే ఏరేటర్లు ఆగిపోయాయట. గాలి అందక రొయ్యలు చచ్చి తేలాయట. కరెంటు హెచ్చుతగ్గుల వల్లనని చెప్పేద్దామా అని అడిగాడు.

సాహెబ్ ప్రోగ్రాం తెరిచాడు.

ప్రోగ్రాంలో ఒక ప్రొసీజర్‌ను, అంటే ఒక చిన్న పనిని, పిలిచే ముందు చిప్పు చేతిలో ఉండే రిజిస్టర్లలోని అంకెలను స్టాక్ అనే దొంతర మీద దాచాలి. పని ముగిశాక వెనక్కి తీసుకోవాలి. గోదాములో బస్తాలు పేర్చినట్టే, ఆఖరున వేసినదాన్నే ముందు దించాలి. ప్రతిసారీ ఈ ఆదేశాలన్నీ రాయలేక, వాటిని ఒక మాక్రోగా కట్టి పేరు పెట్టుకుంటాడు. పేరు రాస్తే చాలు, ఆదేశాలన్నీ అక్కడికి వచ్చి కూర్చుంటాయి. అలారం కోసం ఈమధ్యే కొత్త మాక్రో రాశాడు. దాన్ని వేలు పెట్టి చదువుతూ ఆగిపోయాడు. తిరగేసి తీయాల్సిన అంకెలను దాచిన వరసలోనే తీశాడు. ఆక్సిజన్ అంకె ఉండాల్సిన చోట మోటారు తిరిగిన సమయం వచ్చి పడుతోంది. నీళ్లలో గాలి దండిగా ఉందనుకుని పెట్టె మోటారును ఆపేస్తోంది.

ఆ మాక్రో రాసిన వారం భార్య హజరాబీకి ఒళ్లు కాలిపోయే జ్వరం. అది గుర్తొచ్చింది గానీ, చెప్పుకోబుద్ధి కాలేదు.

"కరెంటు కాదు బాబూ. నేను తప్పు రాసినాను."

నరేంద్రబాబు ముందుకు వంగి తెర వైపు చూశాడు. "ఎన్ని చోట్ల మార్చాల?"

"ఒక్క మాక్రోలో మారిస్తే పిలిచిన చోటల్లా మారిపోతాది. పెట్టెల కాడికి మాత్రం పోవాల."

వరస తిరగేసి, కొత్త చిప్పులు తయారు చేసుకుని, వ్యానులో బయల్దేరాడు. గుంట గట్టు మీద పెంచలకృష్ణ చచ్చిన రొయ్యలను బుట్టల్లోకి ఎత్తిస్తున్నాడు. సాహెబ్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. పెంచలకృష్ణ చేతిలోని బుట్ట కింద పెట్టాడు.

"ఇంత దూరమొచ్చి ఈ మాట చెప్పేదానికి నీకు భయం కాలేదా సాహెబూ?"

"అయింది. దారి పొడుగునా అయింది."

చిప్పు మార్చి, పరీక్ష మీట నొక్కాడు. అలారం మోగింది. ఏరేటర్లు ఆగలేదు, తెల్లగా నీళ్లు చిమ్ముతూనే ఉన్నాయి. పెంచలకృష్ణ గట్టు మీది మంచంపై కూర్చుని, కొంచెం జరిగి చోటిచ్చాడు. మజ్జిగ తెప్పించాడు. తాగి, సాహెబ్ మిగిలిన గుంటలకు వెళ్లాడు. అన్నీ ముగించుకుని పొద్దుగూకాక ఇల్లు చేరి, అలసటగా ఉందని హజరాబీతో చెప్పి పడుకున్నాడు.

తెల్లవారి నమాజుకు లేవలేదు. నిద్రలోనే పోయాడు. ఆ మధ్యాహ్నమే మట్టి ఇచ్చారు.

కబురు తెలిసిన సాయంత్రం పెంచలకృష్ణ గట్టు మీదికి వెళ్లి పెట్టె తలుపు తీశాడు. లోపల దీపం నిలకడగా వెలుగుతోంది. తీగలు దూరే కంతలో, ఉప్పుగాలి చొరబడకుండా ఎవరో ఒక గళ్ల చేతిరుమాలు మడిచి కుక్కారు. బయటికి మిగిలిన దాని కొస గాలికి మెల్లగా కదులుతోంది.