మేయరమ్మ సంచి

నా కొట్టు ముందు భాగం పోయిందంటే ఆ పాపం మేయరమ్మది కాదు, మా బావమరిది చిలకది. వాగుడెక్కువని వాడికా పేరు. పత్రికలో విలేకరి. నాకు చదువు ఏడో తరగతితోనే సరి. తెగిన సంచులు కుట్టుకుని బతుకుతున్నాను.

ఒక మధ్యాహ్నం మేయరమ్మ డ్రైవరు పట్టీ ఊడిన తోలు సంచి ఇచ్చి వెళ్లాడు. వెనకాలే రొప్పుతూ చిలక దిగాడు.

"బావా, ఆ సంచి ఖరీదెంతుంటుంది?"

"నీకెందుకురా?"

"మీటింగులో మాట్లాడుతుంటే తెగి కింద పడింది. రేపు మొదటి పేజీ అదే."

"మీటింగు దేని గురించి?"

"ఈ వీధిలో మురుగుకాలవట. ఆవిడింకా మాట్లాడుతూనే ఉంది. నేను సంచి వెంట వచ్చేశాను."

"కాలవ ఎటువైపు తవ్వుతారట?"

"ఏమో. సంచి మాత్రం కుడివైపు పడింది."

నాకు వింతగా తోచింది. "పాత మేయరు వేదిక మీద కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు కదరా. అది రాయలేదేం?"

"పెద్దమనిషి పడితే రాస్తామా? మర్యాద కాదు."

"ఈవిడ పెద్దమనిషి కాదా?"

"అబ్బ, నువ్వు సంచి సంగతి చెప్పు బావా!"

మర్నాడు 'జారిన సంచి, జారుతున్న పట్టు' అని పెద్దక్షరాల్లో వేశారు. కింద ఆ సంచి కుడుతున్న నా ఫొటో.

"మా తమ్ముడు తలుచుకుంటే మీ మొహం కూడా అచ్చవుతుంది, చూశారా?" అని మా ఆవిడ మురిసిపోయింది.

నాకు మాత్రం కాలవ మీదే ధ్యాస. మిగతా పేపర్లూ కొన్నాను. ఒకదాంట్లో ఆవిడ గొంతు కీచుగా ఉందన్నారు. ఇంకోదాంట్లో ఇంట్లో వంట ఎవరు చేస్తారని ఆరా తీశారు. కాలవ ఊసు ఎక్కడా లేదు. సంచి కోసం వచ్చిన డ్రైవర్ని అడిగాను.

"నేను బయట కారులో ఉన్నానండీ. పేపర్లో వచ్చుంటుందిగా!" అన్నాడు.

రెండు నెలలకు టేపు పట్టుకుని ఇంజనీరు వచ్చి నా గోడ మీద ఎర్రగీత గీశాడు. లబోదిబోమన్నాను.

"మేయరమ్మ అంత వివరంగా చెప్పిందిగా! ఎటువైపైనా తవ్వచ్చు, అభ్యంతరముంటే నెలలోపు చెప్పమంది. మీ వైపు నుంచి ఒక్కరూ రాలేదు. అటువైపు నుంచి ఒకాయన వచ్చాడు."

"ఎవరు?"

ఇంజనీరు వీధికి అటుపక్కనున్న చిలక పత్రికాఫీసు చూపించాడు. "దాని యజమాని. ముందు వరసలో కూర్చుని చివరిదాకా విన్నాడు."

చిలకను పిలిపించి కడిగేశాను.

"మా యజమాని నాకు చెప్పలేదు బావా. సంచి వార్త బాగుందని భుజం తట్టాడంతే."

కాసేపు గీత వంక చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "కూల్చేటప్పుడు మేయరమ్మ వస్తుందంటావా? ఏడుస్తుందేమో!"

వాణ్ణి గెంటేశాను. మేయరమ్మ వచ్చిందో లేదో గాని, గోడ కూలింది. పోయింది వీధి నుంచి లోపలికి ఆరడుగులు, పొడవునా పదకొండడుగులు. మొత్తం అరవై ఆరు చదరపు అడుగులు.