చెక్క మేసిన బర్రెలు

పొద్దున్నే పాలు పిండి ఫిల్మ్‌నగర్‌లో వాడుక ఇళ్లకు పోసి రావడం భూలక్ష్మి పని. షేక్‌పేటలో పచ్చగడ్డి మొలిచే జాగాలన్నీ అపార్ట్‌మెంట్ల కిందకు పోయాక, ఆమె బర్రెలు రెండూ ఎండు వరిగడ్డి నమిలి నమిలి ఎముకలు తేలాయి. పశువుల కాలేజీలో చదివే కూతురు హిమజ, పాత సినిమా సెట్ల చెక్కను తినే చెదపురుగుల కడుపులోని సూక్ష్మజీవులను పెంచి, మందుగా పెద్దబర్రెకు పట్టింది. దానికి గడ్డి అరగసాగింది. అంతటితో ఆగక సెట్టు చెక్కలూ మేయసాగింది. మేసి నెమరేస్తున్నంతసేపూ ఆ చెక్కల దగ్గర ఎవరెవరో అన్న మాటలు దాని నోట్లోంచి వినపడేవి. హీరోల డైలాగుల కంటే లైట్‌బాయ్‌ల తిట్లే ఎక్కువ. వాడకట్టులో ఎవరూ వింతపడలేదు, పాలు చిక్కబడ్డాయని సంతోషించారంతే.

చెక్కలు తెచ్చిపెట్టేది సెట్ మేస్త్రీ వెంకటనర్సయ్య. భూలక్ష్మి మొగుడు పోచయ్య ఆయన కిందే వడ్రంగి. తాగి ఎక్కి, కోట సెట్టు మీంచి పడి చచ్చాడని కబురు తెచ్చిందీ ఆయనే. తాగుడు మాట చెవిన పడ్డాక భూలక్ష్మికి ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఇంట్లో ఫొటో కూడా పెట్టనివ్వలేదు.

గోదాం ఖాళీ చేయాల్సి వచ్చి, అక్కడ దాచిన ఆ కోట చెక్కలను మేస్త్రీ ఒకనాడు తెచ్చి చిన్నబర్రె పక్కన పేర్చాడు. అది మందు తాగలేదు, చెక్క ముట్టదని ఆయన ధీమా.

"గివి పొయ్యిలకు, చెల్లె. పెద్దదానికి వెయ్యకు."

"అన్నం తిని పో అన్నా," అంది భూలక్ష్మి.

మేత మానిన పశువుకు బాగున్న పశువు నెమరు ముద్ద పెట్టడం వాళ్లింట తాతల నాటి పద్ధతి. ఆ పొద్దునే ఆమె పెద్దబర్రె నోట్లోంచి ముద్ద లాగి చిన్నదాని నోట్లో కుక్కింది. ముద్దతోపాటు మందూ దానికి అందిందని మేస్త్రీకి తెలీదు.

ఆయన తిని, హిమజ పోసే నీళ్లతో చెయ్యి కడుక్కుంటుంటే చిన్నబర్రె కోట చెక్క మేసి నెమరేస్తోంది.

"తాడు లేకుంట ఎక్క, మేస్త్రీ. పొద్దుగాల్నుంచి చాయ్ గూడ తాగలే, కండ్లు తిరుగుతున్నయ్." అది పోచయ్య గొంతు.

"ఒక్క మేకు కొట్టుడే గద. షాట్‌కు టైమైంది, ఎక్కు!"

ఆ రెండో గొంతు ఎవరిదో ముగ్గురికీ తెలుసు. వెంకటనర్సయ్య తల వంచుకుని వెళ్లిపోయాడు. బర్రె మాట కాదనేవాళ్లు అక్కడ లేరు గనక, ఆ తర్వాత ఆయన ఎక్కమంటే సెట్టెక్కే మనిషి దొరకలేదు.

భూలక్ష్మికి అదేమీ పట్టలేదు. "తాగలేదంట బిడ్డా, మీ నాయిన తాగలేదంట," అంటూ చిన్నబర్రె మెడ పట్టుకుని, మొగుడు పోయిననాడు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది.